చెవి మిషన్ లేకుండా వినికిడి ఇబ్బందిని నెట్టుకురావడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాయిన మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో 26 ఏళ్లు పనిచేశాడు. రిటైరయ్యేసరికి చెవులు సగం పోయాయి. అప్పోసప్పో చేసి మిషన్ కొనిచ్చాం. రెండు నెలలు పెట్టుకుని, 'అన్నీ ఒక్కసారే ఒర్రుతున్నయ్' అని తీసి అల్మారాలో పెట్టేశాడు. ఆ తర్వాత ఇంట్లో మేం నేర్చుకున్నవీ, చెవి డాక్టర్లు చెప్పినవీ ఇక్కడ రాస్తున్నాను. ప్రశ్నలన్నీ చుట్టాలూ ఊళ్లోవాళ్లూ నన్ను అడిగినవే. మిషన్ దండగ అని చెప్పడం నా ఉద్దేశం కాదు. దాన్ని కొనలేనివాళ్లకూ, కొన్నా పెట్టుకోనివాళ్లకూ, ఇంకా ఆలోచిస్తున్నవాళ్లకూ ఇవి పనికొస్తాయి.

ఇంట్లో పెద్దాయనకు వినపడటం లేదు. ముందుగా ఏం చేయాలి?

చెవి లోపల ఏముందో డాక్టరుకు చూపించాలి. మేం ఆ పని చేయలేదు. వయసు మీద పడితే వచ్చేదే కదా అని మాకు మేమే తేల్చేసుకుని నేరుగా మిషన్ల షాపుకు పోయాం.

మహబూబ్‌నగర్‌లో ఉండే మా మేనత్త కథ ఇంకోటి. ఆమెకు చెవుడు వచ్చిందని ఏడాది పాటు ఇంటిల్లిపాదీ అనుకున్నారు. ఈఎన్‌టీ డాక్టర్ లైటు పెట్టి చూసి, రెండు చెవుల్లో రాయిలా గట్టిపడ్డ గులిమి తీసేశాడు. ఆసుపత్రి గేటు దాటగానే ఆమె అన్న మొదటి మాట, 'ఏందే ఈ ఆటోల లొల్లి!'

గులిమి కాకపోతే చెవి పొరకు చిల్లు ఉండొచ్చు, పొర వెనకాల నీరు చేరి ఉండొచ్చు, చీము ఉండొచ్చు. వీటిలో చాలావాటికి మందో ఆపరేషనో ఉంది. లోపలి నరం దెబ్బతిన్నదైతే మాత్రం అది చాలావరకు తిరిగి రాదు. ఏ రకమో తేలకుండా పైసా కూడా ఖర్చు పెట్టొద్దు. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తిలో ఇప్పుడు సర్కారు మెడికల్ కాలేజీలున్నాయి, వాటి ఆసుపత్రుల్లో ఈఎన్‌టీ ఓపీ ఉంటుంది. అక్కడ తేలకపోతే హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి పంపుతారు. వినికిడి పరీక్ష చేసి గీతల గ్రాఫ్ ఉన్న కాగితం ఒకటి ఇస్తారు. దాన్ని రేషన్ కార్డు దాచినట్టు దాచండి. వైకల్య సర్టిఫికెట్‌కీ అదే కావాలి, రెండేళ్ల తర్వాత వినికిడి ఇంకా తగ్గిందా అని పోల్చుకోవడానికీ అదే కావాలి.

గులిమిని ఇంట్లోనే తీసుకోవచ్చా?

పిన్నీసు, అగ్గిపుల్ల, బండి తాళంచెవి... మనవాళ్లు చెవిలో పెట్టని వస్తువు లేదు. దూది చుట్టిన పుల్ల కూడా గులిమిని బయటికి తీయదు, ఇంకా లోపలికి కుక్కుతుంది. డాక్టర్ రాసిచ్చే చుక్కల మందు నాలుగైదు రోజులు వేస్తే అది మెత్తబడుతుంది, ఆ తర్వాత ఆసుపత్రిలో తీయడం తేలిక. చీము కారే చెవిలో గానీ, పొరకు చిల్లు ఉన్న చెవిలో గానీ నూనె సహా ఏదీ పోయొద్దు. వెల్లుల్లి వేసి కాచిన నూనె వేడివేడిగా పోసుకుని చెవి కాల్చుకున్నవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు.

'ఎల్లుండి చూద్దాంలే' అని ఆగకూడని పరిస్థితులు ఏవి?

నిన్నటి దాకా బాగా విన్న చెవి పొద్దున లేచేసరికి మూసుకుపోతే అది అత్యవసరమే. ముఖ్యంగా ఒకే చెవి అలా అయితే జలుబు పట్టిందిలే అని వదిలేయకండి. మూడు రోజులు, అంటే 72 గంటల్లోపు ఈఎన్‌టీ దగ్గర ఉండాలి. స్టెరాయిడ్ మందులు ఎంత తొందరగా మొదలుపెడితే వినికిడి తిరిగొచ్చే అవకాశం అంత ఎక్కువ. రెండు వారాలు దాటాక ఆ అవకాశం బాగా పడిపోతుంది.

చెవిలోంచి వాసనతో చీము రావడం, వినికిడి తగ్గడంతో పాటు కళ్లు తిరగడం, మూతి ఒక పక్కకు పోవడం, ఒక్క చెవిలోనే హోరు ఉండటం, ఇవి కనిపించినా ఆగొద్దు. ఇంకో మాట. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి కొన్ని ఇంజక్షన్లు చెవి నరాన్ని దెబ్బతీయగలవు. ఇప్పటికే వినికిడి తక్కువ ఉంటే, సూది వేసే ఎవరికైనా ఆ సంగతి ముందే చెప్పండి. ఊళ్లో ఆర్‌ఎంపీకి చెప్పడం అసలు మరిచిపోవద్దు.

'మాట వినపడుతోంది, కానీ అర్థం కావట్లే' అంటాడు. నటిస్తున్నాడా?

నటన కాదు. వయసుతోనో చప్పుడుతోనో వచ్చే చెవుడులో ముందు పోయేది సన్నని శబ్దాలు. అ, ఆ, ఓ లాంటి అచ్చులు బరువైన శబ్దాలు, అవి వినపడుతూనే ఉంటాయి. స, శ, చ, త, ఫ లాంటివి జారిపోతాయి. అంటే మాట తాలూకు డొల్ల చేరుతుంది, గింజ చేరదు. మనవరాలి సన్నని గొంతు అందదు గానీ పక్కింటి మామ బొంగురు గొంతు అందుతుంది. అందుకే ఇంట్లో కోడళ్లు 'నేను చెప్పేవి మాత్రం ఈయనకు వినపడవు' అని అలుగుతారు. తప్పు ఆయనది కాదు, వాళ్ల గొంతుదీ కాదు.

అంకెలు మరీ ప్రమాదం. పదిహేను, పదిహేడు. ఒక్క అక్షరం తేడా. కోత మిషన్ పదిహేడున వస్తుందని ఫోన్‌లో చెబితే నాయిన పదిహేను అని విన్నాడు. ఆ పొద్దున కూలీలను పిలిపించుకుని, మధ్యాహ్నం దాకా గట్టు మీద నిలబడి రోడ్డు వైపు చూస్తూనే ఉన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. కూలి డబ్బులు పోయినందుకు కాదు, నలుగురిలో అలా అయినందుకు. ఇప్పుడు అంకె ఏదైనా వేళ్ల మీద చూపిస్తాం, లేదంటే 'ఒకటి ఏడు' అని విడివిడిగా చెబుతాం. బస్సు టైమూ, గోలీల లెక్కా, వడ్ల తూకమూ అన్నీ ఇంతే.

గట్టిగా అరిస్తే సరిపోదా?

సరిపోదు, పైగా చెడుతుంది. అరిచినప్పుడు పెరిగేది ఆయనకు ఇప్పటికే వినపడుతున్న అచ్చుల చప్పుడే. పోయిన అక్షరాలు అలాగే పోయి ఉంటాయి. దానికి తోడు అరిచే మనిషి మొహం కోపంగా కనిపిస్తుంది. 'ఒర్రకురా, నేనేమన్న చెవిటోన్నా' అని నాయిన మీదపడేవాడు. మొదట్లో నాకు నవ్వొచ్చేది, తర్వాత బాధేసింది.

మరి ఎలా మాట్లాడాలి?

ఈ ఒక్క జవాబు కోసమే ఈ పేజీ మొత్తం రాశానన్నా తప్పు లేదు. దీనికి రూపాయి ఖర్చు లేదు, మాకు అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది కూడా ఇదే.

ముందు పిలవండి. 'నాయినా' అని పిలిచి, ఆయన మీ వైపు తిరిగాకే అసలు మాట మొదలుపెట్టండి. వంటింట్లోంచి వాకిట్లోకి మాట్లాడొద్దు. నాలుగడుగుల దూరానికి వచ్చి మొహంలో మొహం పెట్టి, మామూలు గొంతుతో, కొంచెం నిదానంగా చెప్పండి. అక్షరం అక్షరం విరవక్కర్లేదు, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆగితే చాలు.

వెలుతురు ఎటుందో చూసుకోండి. మా ఇంట్లో నాయిన మంచం తలుపుకు ఎదురుగా ఉండేది. ఎవరు గడపలో నిలబడి మాట్లాడినా వెనకాల ఎండ, మొహం నల్లగా నీడలా కనిపించేది. మంచాన్ని అటు నుంచి ఇటు తిప్పాం, అంతే. మరుసటి రోజుకే 'ఏందీ?' అనడం తగ్గింది. ఇన్నాళ్లూ ఆయన మా పెదాలు చూసి సగం అర్థం చేసుకుంటున్నాడని అప్పటిదాకా మాకు తెలియనే తెలియదు.

ఒకసారి అందని మాటను అదే మాటతో పదిసార్లు చెప్పొద్దు, మాట మార్చండి. 'చారు పోయనా' అందకపోతే 'అన్నంలోకి ఏం వేసుకుంటవ్, చారా పప్పా' అనండి. ఏ సంగతి మాట్లాడుతున్నామో ముందే చెబితే ఇంకా తేలిక. 'పెళ్లి గురించి చెప్తున్నా' అని మొదలుపెడితే, జారిపోయిన మాటలను ఆయన మనసే పూరించుకుంటుంది. అన్నిటికంటే చెడ్డ అలవాటు ఒకటుంది. ఆయన రెండోసారి అడిగితే 'ఏం లేదులే, వదిలేయ్' అనడం. దాని బదులు కసరినా నయమే.

పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకోవచ్చా?

కొంతవరకు అందరం తెలియకుండానే చేస్తాం. కానీ దాని మీదే ఆధారపడితే బోల్తా పడతాం. అద్దం ముందు నిలబడి గొంతు లేకుండా పాట, బాట, మాట అనండి. మూడింటికీ పెదాలు ఒక్కలాగే కదులుతాయి. పల్లి, బల్లి, మల్లి కూడా అంతే. క, గ లాంటివైతే గొంతు దగ్గర పుట్టేవి కాబట్టి బయటికి ఏమీ కనిపించదు. చేతి సైగ, మొహంలో భావం, ముందు వెనకల సందర్భం కలిస్తేనే మాట దొరుకుతుంది. గుట్కా, పాన్ నోట్లో పెట్టుకుని మాట్లాడేవాళ్లు మాత్రం ఆయనతో మాట్లాడే ముందు ఊసేసి రావాలి!

ఇంట్లో మార్పులు ఏమైనా చేసుకోవాలా?

మన వైపు ఇళ్లలో కింద షాబాదు బండలు, పైన రేకులో స్లాబో, మధ్యలో ఖాళీ గోడలు. మాట నాలుగు వైపులా కొట్టుకుని గలగలలాడుతుంది. మంచి చెవికి ఇది పట్టదు, దెబ్బతిన్న చెవికి మాటంతా కలగాపులగం అవుతుంది. కూర్చునే గదిలో చాపో జంపఖానానో పరచండి, కిటికీకి మందపాటి పరదా కట్టండి, గోడ పక్కన బొంతలూ పరుపులూ పేర్చండి. ముఖ్యమైన మాట చెప్పే ఆ రెండు నిమిషాలు కూలర్ ఆపండి. ఎండాకాలంలో కూలర్ హోరు ముందు ఏ మిషనూ నిలవదు.

స్మార్ట్‌ఫోన్‌తో ఉపయోగం ఉందా?

చాలా ఉంది, అదీ ఇప్పటికే చేతిలో ఉన్న ఫోన్‌తోనే. ఆండ్రాయిడ్ ఫోన్లకు గూగుల్ 2019లో తెచ్చిన లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే ఉచిత యాప్ ఉంది. ఎదుటివాళ్లు తెలుగులో మాట్లాడుతుంటే తెరపై తెలుగు అక్షరాలు పడుతుంటాయి. నెట్ ఉండాలి, ఫోన్ మాట్లాడేవాళ్ల నోటి దగ్గర ఉండాలి. మన యాసకు తడబడుతుంది. నేను 'వడ్లు కాంటా అయినయ్' అంటే 'వడ్లు కాంత అయినాయి' అని రాసింది. నాయిన చదివి పడీపడీ నవ్వాడు. అయినా సంగతి అర్థమైంది కదా! డాక్టర్ దగ్గరా, బ్యాంకు కౌంటర్ దగ్గరా ఇది నిజంగా ఆదుకుంటుంది. యాప్ దించుకోవడం కష్టమైతే వాట్సాప్‌లో కీబోర్డు మైకు నొక్కి తెలుగులో మాట్లాడినా అక్షరాలు పడతాయి. చదువు రాని పెద్దవాళ్లకు ఇవేవీ పనికిరావు, వాళ్లకు వీడియో కాల్ మేలు. మొహం కనిపిస్తుంది, చేతితో చూపించొచ్చు.

సౌండ్ యాంప్లిఫయర్ అని గూగుల్‌దే ఇంకో యాప్ ఉంది. వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఫోనే మైకులా పనిచేసి ఎదుటి మాటను పెంచి చెవిలో వేస్తుంది. ఒక చెవే బాగా పనిచేస్తుంటే సెట్టింగ్స్‌లో మోనో ఆడియో పెట్టండి, రెండు వైపుల శబ్దమూ ఆ ఒక్క చెవిలోకి వస్తుంది. ఫోన్ వస్తే కెమెరా లైటు మెరిసేలా పెట్టుకునే వీలు చాలా ఫోన్లలో ఉంది. ఇవన్నీ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనే చోట ఉంటాయి, పదో తరగతి పిల్లవాడికి ఇస్తే ఐదు నిమిషాల్లో పెట్టేస్తాడు.

టీవీ సౌండుతో ఇల్లంతా మారుమోగుతోంది. ఏం చేయాలి?

టీవీ సౌండు పెంచొద్దు, సౌండును ఆయన దగ్గరికి తేవాలి. చిన్న బ్లూటూత్ స్పీకర్ ఆయన కుర్చీ పక్కన, చెవి ఎత్తులో పెట్టండి, లేదా హెడ్‌ఫోన్ ఇవ్వండి. టీవీలో బ్లూటూత్ లేకపోతే పొడుగు వైరు చాలు.

స్టెతస్కోప్‌తో వినిపించవచ్చని విన్నాం. నిజమేనా?

నిజమే. వార్డుల్లో డాక్టర్లు వాడే పాత చిట్కా ఇది. స్టెతస్కోప్ చెవి గొట్టాలు పెద్దాయన చెవుల్లో పెట్టి, గుండె మీద ఆనించే బిళ్ల దగ్గర మెల్లగా మాట్లాడాలి. మందుల షాపులో మామూలు రకం కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది, బ్యాటరీ గొడవ లేదు. సంతకం పెట్టే కాగితాల గురించో, ఆపరేషన్ గురించో పదినిమిషాలు మాట్లాడాల్సి వస్తే దీన్ని మించింది లేదు. అందులో అరవొద్దు, బిళ్లను తట్టొద్దు. శబ్దం నేరుగా పొర మీద పడుతుంది. ఏదీ లేనిచోట అరచేతిని చెవి వెనకాల దొప్పలా పెట్టుకున్నా తేడా తెలుస్తుంది. మన తాతలు ఊరికే చేయలేదు ఆ పని.

ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకు దొరికే 'చెవి మిషన్' కొనొచ్చా?

అవి చాలావరకు శబ్దాన్ని పెంచే డబ్బాలే. వినికిడి పరీక్ష కాగితం చూసి ఏ శబ్దం ఎంత పెంచాలో సరిచేసేవి కావు. గిన్నె కిందపడిన చప్పుడునూ, భార్య మాటనూ ఒకే లెక్కన పెంచుతాయి. ఫుల్ సౌండులో రోజంతా పెట్టుకుంటే మిగిలిన వినికిడీ పోవచ్చు. డాక్టర్ చూసి సరే అన్నాక, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే కాసేపటికి, తక్కువ సౌండులో వాడితే పరవాలేదు. మాకు మిషన్ అమ్మిన షాపువాళ్లు ఒక్కసారి పెట్టి పంపారు, మళ్లీ పిలిచి సరిచేసిందే లేదు. మంచి మిషన్ కూడా మూడు నాలుగు సార్లు సరిచేయించుకుంటే గానీ చెవికి కుదరదని తర్వాత తెలిసింది.

మిల్లులో, క్రషర్ దగ్గర, బోర్ బండి మీద పని. ఉన్న చెవిని కాపాడుకోవడం ఎలా?

చప్పుడును డెసిబెల్స్‌లో కొలుస్తారు. 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకు 8 గంటలు దాటితే చెవికి చేటు. పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ టైమ్ సగానికి పడిపోతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు. మూరెడు దూరంలో ఉన్న మనిషితో కేకేసి మాట్లాడాల్సి వస్తోందంటే మీరు ఆ లెక్క దాటినట్టే. దూది కుక్కుకుంటే పెద్దగా ఆగదు. స్పాంజి ఇయర్‌ప్లగ్ జత పాతిక రూపాయల లోపే. దాన్ని వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి పట్టుకుని లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి ఉంచాలి. సగం బయటే ఉంటే పెట్టుకోనట్టే. నాయినకు ఆ 26 ఏళ్లలో ఇది ఒక్కరూ చెప్పలేదు. బోనాలకూ వినాయకుడికీ డీజే ముందు నిలబడి ఎగిరే పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది.

చెవిలో రాత్రంతా గుయ్‌మని హోరు, నిద్ర పట్టదు.

పూర్తి నిశ్శబ్దంలోనే అది ఎక్కువ వినపడుతుంది. ఫ్యాను, చిన్నగా రేడియో, ఫోన్‌లో వాన చప్పుడు లాంటిదేదైనా పెట్టుకుని పడుకుంటే హోరు వెనక్కి పోతుంది. ఒక్కసారి డాక్టరుకు మాత్రం చూపించండి.

చిన్నపిల్లలకైతే కూడా ఇవే చాలా?

చాలవు. పిల్లల విషయంలో ఈ పేజీని పక్కన పెట్టండి. పుట్టిన నెలలోపు పరీక్ష, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకు చికిత్స మొదలు, ఇదీ డాక్టర్లు చెప్పే లెక్క. 'వాళ్ల నాయినకు కూడా మాటలు ఆలస్యంగానే వచ్చినయ్' అని ఇంట్లో ముసలమ్మలు అంటారు, వినొద్దు. పుట్టుచెవుడు పిల్లలకు చేసే కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో పరికరం అమర్చే ఆపరేషన్) ఆరోగ్యశ్రీలో ఉంది, కానీ అది చిన్న వయసులోనే జరగాలి. బడి పిల్లలకు మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపేది) అడగండి, క్లాసులో ముందు బెంచీ ఇప్పించండి.

సర్కారు నుంచి ఏమైనా వస్తుందా?

వస్తుంది. 60 దాటిన పేదవాళ్లకు 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద శిబిరాల్లో మిషన్లు ఉచితంగా ఇస్తారు. 40 శాతం వైకల్య సర్టిఫికెట్ ఉంటే వికలాంగులకు పరికరాలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడిఐపీ పథకం వర్తిస్తుంది. నెల ఆదాయం 22,500 లోపైతే పూర్తి ఉచితం, 30,000 లోపైతే సగం ధర. వినికిడి మరీ తక్కువైతే దివ్యాంగుల పింఛనుకు కూడా దరఖాస్తు పెట్టొచ్చు, 2023లో అది నెలకు 4,016 రూపాయలైంది. సర్టిఫికెట్‌కు ఎలా దరఖాస్తు పెట్టాలో మీసేవలో అడగండి. ఒక్క చెవే పోయినవాళ్లు ఆశ పెట్టుకోవద్దు, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నష్టాన్ని అడుగుతుంది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రంలో పరీక్ష, మిషన్, మాట శిక్షణ మూడూ ఒకే చోట ఉంటాయి. ఒక రోజు పని మానుకుని పోయినా నష్టం లేదు.

తలుపు కొట్టినా, కుక్కర్ కూసినా తెలియదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఎలా?

కాలింగ్ బెల్ స్విచ్‌కే ఒక బల్బు కూడా కలపమని కరెంటు మిస్త్రీని అడగండి. బెల్ నొక్కితే హాల్లో లైటు వెలుగుతుంది. కుక్కర్‌కు ఫోన్‌లో టైమర్ పెట్టి, వైబ్రేషన్‌లో జేబులో వేసుకోవాలి. మా అమ్మ పోయాక నాయిన ఒక్కడే వండుకుంటున్నాడు, పప్పుకు పదిహేను నిమిషాలు పెడతాడు. రోడ్డు మీద నడిచేటప్పుడు కుడి పక్కన, బండ్లకు ఎదురుగా నడవాలి. వెనక నుంచి వచ్చే బైకు హారన్ వినపడదు, ముందు నుంచి వచ్చేది కళ్లకు కనపడుతుంది. సైకిల్ తొక్కేవాళ్లయితే హ్యాండిల్‌కు అద్దం బిగించుకోవాలి. నాయిన రెండు బిగించుకున్నాడు, ఒకటి రోడ్డుకు, ఇంకోటి మీసం దువ్వుకోవడానికట.